పచ్చదీపం వెలిగేలోపు

సోమవారం పొద్దున ఆమె వచ్చేసరికి తన స్టూలు మీద ఓ అట్టపెట్టె కూర్చుని ఉంది. మనిషి కూర్చోవలసిన చోట పెట్టె కూర్చుందంటే అది మంచికి కాదని ఆ వర్క్‌షాప్‌లో పదకొండేళ్లు పనిచేసిన మనిషికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. లోపల ముప్ఫై ఒక్క ట్యూనర్లున్నాయి. అన్నీ నీలంరంగువి, అన్నీ అమ్ముడుపోయి వెనక్కి వచ్చినవి.

అక్కడ తయారయ్యేది అదొక్కటే. గిటారు వాయించేవాళ్లు శ్రుతి సరిచూసుకునే ట్యూనర్, అరచేతిలో పట్టే ఇనప్పెట్టె. నేలమీద పెట్టి కాలితో ఒక్క తొక్కు తొక్కితే స్పీకర్లోకి వెళ్లే మోత ఆగి, పెట్టె మీద దీపాలు మేలుకుంటాయి. తీగ మీటితే స్వరం తగ్గినప్పుడు ఎడమవైపు ఎర్రదీపం, హెచ్చినప్పుడు కుడివైపు ఎర్రదీపం, సరిగ్గా ఉంటే మధ్యలో పచ్చదీపం. నల్లపెట్టెలు మామూలు గిటారుకి. నీలంవి బేస్ గిటారుకి, అంటే లావు తీగలతో పాట అడుగున గుండెకి తగిలేలా మోగే వాద్యానికి. నల్లవాటిని పరీక్ష చెయ్యడానికి నలుగురున్నారు. నీలంవి తక్కువ పోతాయి గనక వాటికి ఈమె ఒక్కతే.

పరీక్షయిన ప్రతి పెట్టె వెనకమూత లోపల, పరీక్ష చేసినవాళ్ల నంబరు చీటీ అంటించాలి. గుండ్రటి తెల్ల చీటీ, అర్ధరూపాయంత. ఆమెది ఏడు. అందుకని అందరికీ ఆమె ఏడక్క. అసలు పేరు హాజరుపట్టీలో ఉంది గానీ దాన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు.

ఇంజనీరు ఆమె బల్ల దగ్గరే నిలబడి ఒక్కో పెట్టె వెనకమూత విప్పుతున్నాడు. మరలు పడిపోకుండా ఓ డబ్బామూతలో వేస్తూ, పైకే చదువుతున్నాడు.

"ఏడు. ఏడు. ఇదీ ఏడే."

వయసులో ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు. రోజూ "అక్కా" అనేవాడు. ఆ పూట అనలేదు. నీలంవి చూసేది నేనొక్కదాన్నే కదా నాయనా, ఏడు కాక పదమూడు ఉంటుందా అని ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు పెద్దలు. పక్కబల్లల వాళ్లు హఠాత్తుగా తమ పనిమీద మహా శ్రద్ధ తెచ్చుకుని తలలు వంచేశారు.

మేడమ్ కూడా వచ్చింది. ఆ వర్క్‌షాప్ ఆవిడది. కేకలేసే మనిషి కాదు, అదే భయం.

"శుక్రవారం దాకా చూడండి," అంది. "కారణం తెలిస్తే సరే. తెలియకపోతే శనివారం నుంచి ప్యాకింగ్‌లో కూర్చోండి. అందాకా ఆ చీటీల చుట్ట ఇటివ్వండి."

ఏడక్క సొరుగు లాగి, ఏడో నంబరు చీటీల చుట్ట తీసి ఇచ్చింది. అది ఇంజనీరు జేబులోకి పోయింది. ప్యాకింగ్ తప్పుపని ఏమీ కాదు, అక్కడా మనుషులే ఉన్నారు. కానీ అట్టపెట్టె మడిచిందెవరో ఏ మూత విప్పినా తెలీదు. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

మధ్యాహ్నానికల్లా ముప్ఫై ఒక్కటీ మళ్లీ పరీక్ష చేసింది. పద్ధతంతా కాగితం మీద ఉంది, ఇంజనీరు రాసినదే. టోన్ పెట్టె అని ఒకటుంటుంది, మీట తిప్పితే కావలసిన స్వరం తీగ లేకుండానే వస్తుంది. దాన్ని ట్యూనర్‌కి కలిపి, బేస్ గిటారుకున్న అయిదు తీగల స్వరాలూ ఒకటొకటిగా ఇవ్వాలి. పచ్చదీపం వెలిగితే టిక్కు పెట్టాలి. అయిదు టిక్కులు పడితే పాస్. ఆమె స్వరం ఇచ్చి, పచ్చదీపం కోసం చూస్తూ, ఎడమచేత్తో మెత్తగుడ్డ తీసుకుని పెట్టెని తుడిచేది. అది చేతికి అలవాటు. ముప్ఫై ఒక్కటీ పాసయ్యాయి.

"అన్నీ బాగానే ఉన్నాయి సార్," అంది ఇంజనీరుతో.

"నాకూ తెలుసు. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. వీళ్లకి శ్రుతి పెట్టుకోవడం రాదు, పెట్టె బాగోలేదంటారు."

"అలాగైతే నా తప్పేం లేనట్టేగా?"

అతను తల గోక్కున్నాడు. "కొన్నవాళ్లదే తప్పని రాస్తే మేడమ్ ఒప్పుకోరు. కాగితం మీద ఏదో ఒకటి రాయాలి కదా. పరీక్షలో అజాగ్రత్త అని రాస్తే అక్కడితో పోతుంది."

అక్కడితో పోయేది తనేనని ఆమెకి తెలుసు. పెట్టెలతోపాటు వచ్చిన ఫిర్యాదు కాగితాలు అడిగి తీసుకుని చేతిసంచిలో పెట్టుకుంది.

ఇంట్లో అత్తగారు చొక్కాలకి గుండీలు కుడుతూ కూర్చుంది. ముప్ఫై అయిదేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఫిర్యాదుల బల్ల మీద కూర్చుని, జనం తిట్లన్నీ చెవులతో తిని పదవీవిరమణ చేసిన మనిషి. కోడలు కాగితాలు ఒక్కొక్కటే చదువుతుంటే దారం కొరుకుతూ వింది. "దీపాలు గంతులేస్తున్నాయి" అని ఒకరు. "నిద్రపోతోంది" అని ఒకరు. ఒకాయన మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "అడుగుతీగ దగ్గరికి వచ్చేసరికి మీ పెట్టె ఆలోచనలో పడుతోంది. నాకంత తీరిక లేదు."

"ఈయనెవరో మర్యాదస్తుడిలా ఉన్నాడు," అంది అత్తగారు. "ఏం చేశావు మరి?"

"పెట్టెలన్నీ మళ్లీ చూశానత్తయ్యా. ఒక్కదాంట్లోనూ తప్పు లేదు."

"ఫోను పలకట్లేదని చెప్పినవాణ్ణి అడగాలి గానీ, ఫోన్ని అడిగితే ఏం చెప్తుందే? అడ్రసు లేదూ ఆ కాగితం మీద?"

ఉంది. ఊళ్లోదే. భర్త కూడా అక్కడే ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, అతని మాట కూడా ఏ అంతస్తులో ఉందో గానీ రావడానికి కాస్త టైం పడుతుంది.

"రేపు సాయంత్రం నేను దింపుతాలే," అన్నాడు చివరికి.

మంగళవారం సాయంత్రం వాళ్లు వెళ్లింది ఓ టైర్ల షాపుకి. షాపు పని అయిదింటికే ముగిసింది, షట్టరు సగం దించి లోపల నలుగురు సాధన చేసుకుంటున్నారు. ముత్యాల అక్షరాలాయన పొడుగాటి మనిషి. పగలు స్కూలుబస్సు నడుపుతాడు, సాయంత్రాలు బేస్ వాయిస్తాడు. పాడేది ఆయన చెల్లెలు. వచ్చింది ట్యూనర్ల వర్క్‌షాప్ మనిషని తెలియగానే ఆ చెల్లెలు రెండుచేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"మీ పెట్టె పుణ్యమాని నాలుగు నెలలుగా ఒకటే జోకు చెప్తున్నానండీ. అన్నయ్య తీగ సరిచేసుకునేదాకా జనాన్ని నేనే కూర్చోబెట్టాలి. ఇప్పుడు జోకు మొదలెట్టగానే ముందు వరస వాళ్లే చివరిమాట అందుకుంటున్నారు."

ఏడక్క తను తెచ్చిన నీలంపెట్టెని నేలమీద పెట్టింది. బస్సాయన తొక్కి, పైతీగ నుంచి మొదలెట్టాడు. ఒకటి, పచ్చ. రెండు, పచ్చ. మూడు, పచ్చ. నాలుగోది కొంచెం తటపటాయించి పచ్చ. అయిదోది, అంటే అడుగుతీగ, అన్నిటికన్నా లావు, చిటికెనవేలిలో సగముంటుంది. దాన్ని బొటనవేలితో, నిద్రపోతున్న పిల్లని తట్టినంత మెల్లగా మీటాడు. ఎడమ ఎర్రది వెలిగింది. కుడిది వెలిగింది. అన్నీ ఆరిపోయాయి. ఈలోగా తీగ కదలడం మానేసింది. మళ్లీ మీటాడు. మళ్లీ మొదటికొచ్చింది.

"అంత మెల్లగా మీటితే ఎలాగండీ? కొంచెం గట్టిగా..."

"గట్టిగా మీటితే లావుతీగ స్వరం ముందు హెచ్చుతుందమ్మా, తర్వాత దిగుతుంది. గట్టిగా మీటి శ్రుతి పెట్టుకుంటే పాటలో తగ్గిపోతాను. అదీగాక చెల్లెలు అవతల మైకులో మాట్లాడుతుంటుంది. ఇవతల నేను దబదబా బాదుతానా?"

"మరి కచేరీలో ఏం చేస్తున్నారు?"

ఆయన నవ్వి, గిటారు మెడమీద మెట్లు లెక్కపెట్టి, పన్నెండో మెట్టు దగ్గర తీగని వేలికొసతో తాకీ తాకకుండా తాకి మీటాడు. అదే స్వరం పైస్థాయిలో, గాజులా సన్నగా మోగింది. పెట్టె వెంటనే పచ్చదీపం చూపించింది.

"బేస్ వాయించేవాళ్లందరం ఇదే చేస్తాం. మీ పెట్టె కోసం మేం కనిపెట్టిన అడ్డదారి. స్టేజి చీకట్లో ఆ మెట్టు వెతుక్కునేసరికి చెల్లెలి జోకు అయిపోతుంది. నేరుగా వెళ్లే దారి ఉండాలని కదా కొనుక్కున్నది."

ఆమె కిందికి వంగి, మోకాళ్ల మీద కూర్చుని, దీపాలవంకే చూసింది. "మా బల్ల మీద ఈ స్వరానికి పచ్చదీపం వెలుగుతుందండీ. నేనే చూశాను, ముప్ఫై ఒక్క పెట్టెల్లోనూ."

"ఎంతసేపటికి?"

పదకొండేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, కాగితమూ అడగలేదు. పచ్చదీపం వెలిగిందా లేదా, అంతవరకే. టోన్ పెట్టె స్వరం మొండిది, ఆపేదాకా ఒకే తీరున మోగుతూనే ఉంటుంది. ఎంతసేపైనా ఆగొచ్చు. ఆ ఆగడంలోనే కదా ఆమె గుడ్డ తీసుకుని పెట్టె తుడిచేది. పైతీగల స్వరాలకి గుడ్డ అందుకునేలోపే దీపం వెలిగేది. అడుగుతీగకి నాలుగు అంచులూ తుడిచి, గుడ్డ మడిచి పక్కన పెట్టాక వెలిగేది. ఇన్నాళ్లూ ఆ సంగతి ఆమె చేతికి తెలుసు, ఆమెకి తెలీదు.

"గిటారాయన తప్పు వాయిస్తే జనానికి తెలుస్తుంది," అన్నాడు బస్సాయన, షట్టరు కిందనుంచి ఆమెని సాగనంపుతూ. "నేను తప్పు వాయిస్తే తప్పు నాదని ఎవరికీ తెలీదు. ఇవాళ పాట ఎందుకో బాగోలేదంటారు. ఆ మాట పడేది మా చెల్లెలు."

స్కూటరు మీద వెళ్తుంటే సగం దారిలో భర్త, "వెలిగింది," అన్నాడు. ఆమె దేని గురించని అడిగితే, "నీ మొహం," అన్నాడు. ఇంటికెళ్లాక, లిఫ్టు తలుపు మూసుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే గడియారం ఒకటి తన పనిసంచిలోంచి తీసి ఇచ్చాడు.

బుధవారం ఆమె గుడ్డని సొరుగులో పెట్టి తాళం వేసింది. అది చేతికి అందితే మళ్లీ తుడుస్తానని భయం. ఎడమచేతిలో గడియారం, కుడిచేతిలో టోన్ పెట్టె మీట. ముప్ఫై ఒక్క పెట్టెలకీ అయిదేసి స్వరాలు, పరీక్ష కాగితం అంచున పెన్సిల్‌తో సెకన్లు. పైతీగకి ఒకటి. రెండోదానికి ఒకటి. అడుగుతీగకి అయిదు, అయిదున్నర, ఆరు. తర్వాత లేచివెళ్లి, పంపడానికి సిద్ధంగా ఉన్న కొత్త పెట్టెల్లోంచి పది తెచ్చి చూసింది. అవీ అయిదు, ఆరు. అంటే చెడిపోయిన పెట్టెలేం లేవు. అన్నీ ఒకేలా పుట్టాయి.

గురువారం ఇంజనీరు ఆ పెన్సిల్ అంకెలు చూసి కాగితాన్ని ఆమె బల్లమీద బోర్లించాడు.

"షీటులో లేని పరీక్ష ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదు సార్. అందుకే ఇన్నాళ్లూ చెయ్యలేదు."

"అడుగుతీగ స్వరం చాలా నెమ్మదిగా ఊగుతుంది. దాన్ని పట్టుకోవాలంటే టైం పడుతుంది. తొందరపడి తప్పు చూపించడం కన్నా ఆగి నిజం చూపించడం మేలు కాదా? నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు."

"తెలిసేలోపు పాట మొదలైపోతోందటండీ."

అతను ఆమెవైపు వింతగా చూశాడు. అతనూ గిటారు వాయిస్తాడు, మామూలు గిటారు. తన తీగ ఎప్పుడూ ఒక్క సెకనులో పచ్చగా వెలుగుతుంది. బేస్ వాయించేవాణ్ణి అతను ఎప్పుడూ అడిగింది లేదు. నల్లపెట్టె కోసం చేసిన ఆలోచననే కాస్త సాగదీసి, నీలంరంగు వేసి, దానికో కాగితం రాశాడు. అతను వెళ్లిపోయాక ఆమె కాగితాన్ని తిరగేసి, మడిచి, నేరుగా మేడమ్ గదికి తీసుకెళ్లింది. ఆ గదిలోకి పిలవకుండా వెళ్లడం అదే మొదలు.

మేడమ్ అంకెలన్నీ చదివింది. "అంటే తప్పు మీది కాదంటారు."

"నాదీ ఉంది మేడమ్. ఆలస్యమవుతోందని నా చేతికి తెలుసు. కాగితం అడగలేదని నేను చెప్పలేదు. కానీ తప్పు నాదొక్కదానిదే కాదు. నన్ను ప్యాకింగ్‌లో కూర్చోబెట్టినా ఆ ఆరు సెకన్లు ఆరు సెకన్లే ఉంటాయి. ఇంకో ముప్ఫై వెనక్కి వస్తాయి, నంబరు మారుతుంది అంతే."

ఇంత పెద్దమాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వేసింది. మేడమ్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఆ బస్సు నడిపే ఆయన్ని రేపు రమ్మనండి."

శుక్రవారం మధ్యాహ్నం పసుపుపచ్చ స్కూలుబస్సు వర్క్‌షాప్ ముందు ఆగింది. పిల్లల్ని ఇళ్లకి చేర్చే వేళకి ఇంకో గంటుంది. బస్సాయన బేస్ గిటారు భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు, గుమ్మం దగ్గర తల వంచి. ఇంజనీరు కుర్చీ వేశాడు. మేడమ్ నిలబడే ఉంది. పక్కబల్లల వాళ్లకి ఆ పూట సొంత పనిమీద శ్రద్ధ బొత్తిగా లేదు.

ఆయన మీటాడు. ఎర్ర, ఎర్ర, చీకటి. మళ్లీ మీటాడు. ఎర్ర, చీకటి. ఏడక్క గడియారం చూస్తోంది గానీ అంకెలు పైకి చదవలేదు. అవసరం లేకపోయింది. దీపాలకేసి చూస్తూ ఏమీ చెయ్యకుండా నిలబడటం ఎంత కష్టమో అందరికీ అర్థమైంది. ఎవరో దగ్గారు. మేడమ్ ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదకి మారింది.

"అసలు మీకేం కావాలి?" అని అడిగింది చివరికి. "చెప్పండి, రాసుకుంటాం. పెద్ద దీపాలా? బ్యాటరీ ఎక్కువ రావాలా?"

"అవన్నీ ఉంటే ఎవరొద్దంటారమ్మా," అన్నాడాయన. "కానీ ఇప్పుడు మీరందరూ నన్ను చూశారు కదా. అలా ఎవరూ చూడక్కర్లేకుండా పని అయిపోవాలి. బేస్ వాయించేవాడికి అంతకన్నా ఏం కావాలి?"

ఇంజనీరు వంగి పెట్టెని చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు వెనక్కీ ముందుకీ తిప్పాడు.

"నేనే ఆగమన్నాను," అన్నాడు, ఎవరితోనో కాదు, పెట్టెతో అన్నట్టు. "స్వరం ఖాయమయ్యేదాకా పచ్చదీపం వెలిగించొద్దని పెట్టింది నేనే. తీగ అప్పటిదాకా ఉండదని తోచలేదు."

బస్సాయన గడియారం చూసుకుని లేచాడు. గిటారుని గోడకి ఆనించి, "సోమవారం దాకా నాకు కచేరీల్లేవు. దీన్ని ఇక్కడుంచుతాను, దీంతోనే చూడండి," అన్నాడు. బస్సు వెళ్లిపోయింది. మేడమ్ తన గదివైపు నడుస్తూ, "రేపు చూద్దాం," అంది. అంతే. ప్యాకింగ్ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడం ఏ లెక్కలోకి వస్తుందో తెలియక ఏడక్క సాయంత్రం తన సొరుగు ఖాళీ చేసింది. మెత్తగుడ్డ, చిన్న స్క్రూడ్రైవరు, అరిగిపోయిన పెన్సిల్. పదకొండేళ్లకి ఓ గుప్పెడు సామాను.

ఇంట్లో అత్తగారు ఆ గుప్పెడు చూసి గుండీల డబ్బా మూత పెట్టింది. "నేను ఫిర్యాదుల బల్ల మీద కూర్చున్నన్నాళ్లూ, తప్పు ఎవరిదైనా తిట్లు నాకే పడేవి," అంది. "ఎందుకో తెలుసా? ఫోనెత్తేది నేనొక్కదాన్నే గనక."

శనివారం ఆమె సంచితోనే ప్యాకింగ్ వైపు నడిచింది. తన బల్ల దాటుతుండగా చూస్తే, స్టూలు మీద ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో బేస్ గిటారు, ముందు వెనకమూత లేని నీలంపెట్టె. గిటారుని మామూలు గిటారులా పట్టుకున్నాడు, అందుకని అతనికి అది పెద్దన్న చొక్కాలా ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఒకసారి ఇలా రండి," అన్నాడు. "నిన్న ఇంటికి తీసుకెళ్లి మార్చాను. ఖాయమయ్యేదాకా ఆగదు. ముందు తోచింది చూపిస్తుంది, తర్వాత సరిదిద్దుకుంటుంది. కానీ నా చేతికి సరిగ్గా రావట్లేదు. హెచ్చు చూపిస్తోంది."

అతను అడుగుతీగని గట్టిగా లాగి వదిలాడు. బల్లమీది మరలు గలగల్లాడాయి. కుడి ఎర్రదీపం వెలిగింది.

ఆమె సంచి కింద పెట్టింది. అతని చెయ్యి పక్కకి జరిపి, తన బొటనవేలితో తీగని తట్టింది. మంగళవారం టైర్ల షాపులో చూసినంత మెల్లగా. గడియారం నొక్కేలోపే పచ్చదీపం వెలిగింది. ఒక సెకను, మహా అయితే ఇంకొంచెం. ఆమె మళ్లీ తట్టింది. మళ్లీ పచ్చ. దీపంకేసే చూస్తూ కాసేపు అలాగే నిలబడింది, చేతిలో గుడ్డ లేకుండా.

"మేడమ్ ఇచ్చెయ్యమన్నారు," అంటూ ఇంజనీరు జేబులోంచి చీటీల చుట్ట తీసి బల్లమీద పెట్టాడు. కొత్త పరీక్ష కాగితం కూడా పెట్టాడు. అందులో టిక్కు గడి పక్కన ఇంకో గడి ఉంది, సెకన్లకి. ఆమె చుట్ట నుంచి ఒక చీటీ ఊడదీసి, వెనకమూత లోపల ఎప్పుడూ అంటించే మూలలో అంటించి, గోటితో రుద్దింది. ఏడు.

మూత బిగించబోతుంటే అతను, "ఉండండి," అన్నాడు. కూర్చున్నచోటి నుంచే పక్కబల్ల సొరుగులో వెతికి, అంకెలేని ఖాళీ చీటీ ఒకటి తీశాడు. దానిమీద పెన్నుతో సున్నా చుట్టి, ఏడు పక్కన అంటించాడు.

"మీకు నంబరు లేదు కదా సార్," అంది ఆమె.

"లేదు. అందుకే సున్నా. తప్పొస్తే లెక్క ఇక్కణ్ణుంచి మొదలుపెట్టమని."

ఆమె మరలు నాలుగూ డబ్బామూతలోంచి తీసి బిగించింది. సంచిలోంచి గుడ్డ తీసి పెట్టెని ఒక్కసారి తుడిచి, పక్కకి జరిపి, అతను మార్చి తెచ్చిన రెండో పెట్టె అందుకుంది. స్టూలు ఖాళీ చెయ్యాలన్న సంగతి ఇంజనీరుకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది, లేవబోయాడు. ఆమె వద్దని చేత్తో ఆపి, పక్కబల్ల దగ్గర్నుంచి ఇంకో స్టూలు లాక్కుని గడియారం పట్టుకుని కూర్చుంది.

"మీటండి," అంది.

అతను మీటాడు. మరలు మళ్లీ గలగల్లాడాయి.

"మెల్లగా సార్," అంది ఏడక్క. "అవతల ఆయన చెల్లెలు ఇంకా మైకులో మాట్లాడుతోంది."